విద్యార్థుల విచారణలో (పారిష్‌లో) పేరు నమోదు కాకపోతే ఆ విచారణ బిడ్డ కానట్టేనా?

ఫిరంగిపురం_తండ్రి

మా అమ్మాయి రెండేళ్ల క్రితం ఎం.ఎస్. చదువు కోసం అమెరికా మిడ్‌వెస్ట్‌లోని ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయానికి వెళ్లింది. క్యాంపస్‌ను ఆనుకుని, విద్యార్థుల కోసమే నడిచే కథోలిక విచారణ ఒకటి ఉంది. ఆదివారం దివ్యబలిపూజకు (మాస్‌కు) అక్కడికే వెళ్తోంది, ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలంలో శుక్రవారం సిలువమార్గం కూడా మానలేదు. ఇప్పుడు మే నెలలో మా ఊళ్లో పెళ్లి నిశ్చయమైంది. వరుడిది హైదరాబాదు, వాళ్లూ కథోలికులే. అమ్మాయి ఇంతకాలం అక్కడ ఉంది కాబట్టి, వివాహానికి అడ్డంకులేవీ లేవని అక్కడి విచారణ నుంచి ఒక లేఖ తెప్పించమని మా విచారణ గురువులు (ఫాదర్ గారు) అడిగారు. అమ్మాయి ఆ కార్యాలయానికి ఈమెయిలు పంపితే, "మీ పేరు మా నమోదులో లేదు, కాబట్టి లేఖ ఇవ్వలేము" అని జవాబు వచ్చింది.

నాకు బాధ కలిగించింది లేఖ రాకపోవడం కాదు. వారం వారం అదే దేవాలయంలో మోకరిల్లిన పిల్ల ఎవరో వాళ్లకు తెలియదట. మా ఊళ్లో గురువుకు సాయంగా ప్రార్థనలు, బోధ చూసే ఉపదేశిగారు ఒక ఆదివారం పూజలో పిల్లలు కనిపించకపోతే సోమవారం ఇంటికి వచ్చి జ్వరమా అని అడుగుతారు. పేరు రాసుకోని విచారణ అసలు విచారణ ఎలా అవుతుందో తెలిసినవారు చెప్పగలరా?

క్యాంపస్_స్వరం

నేను ఇటువంటి విచారణలోనే గాయక బృందంలో పాడుతున్నాను, పీహెచ్‌డీ చేస్తున్నాను. అంకుల్, మీ బాధ న్యాయమైనదే, కానీ ఇక్కడి పద్ధతి కొంత తెలియాలి. మన ఊళ్లలో విచారణకు కుటుంబం లెక్క. తాతగారి పేరు చెబితే చాలు, మనవరాలు ఎవరో తెలిసిపోతుంది. ఇక్కడ ప్రతి మనిషీ తానుగా వెళ్లి పేరు నమోదు చేసుకోవాలి. ఆగస్టు చివర్లో తరగతులు మొదలైన మొదటి రెండు మూడు ఆదివారాల్లో దేవాలయం వెనుక ఒక బల్ల వేస్తారు. దాని మీద ఛాతీకి అంటించుకునే పేరు చీటీలు, నల్ల పెన్నులు, ఫోనుతో స్కాన్ చేయవలసిన చదరపు గుర్తు అతికించిన అట్ట, పక్కనే డోనట్ల పెట్టె ఉంటాయి. అమెరికా పిల్లలు అక్కడ ఆగి పేరు రాస్తారు, నవ్వుతూ నాలుగు మాటలు మాట్లాడతారు. మన పిల్లలు అది తమ కోసం కాదనుకుని పక్క ద్వారం నుంచి వెళ్లిపోతారు. ఏడాదికి రెండుసార్లు ఆ బల్ల దగ్గర కూర్చునేదాన్ని కాబట్టి ఇది కళ్లారా చూసిన విషయం. ఎవరో పిలిస్తే తప్ప బల్ల దగ్గరికి వెళ్లకూడదనే మర్యాద మనది. ఆ మర్యాద వల్లనే మనవాళ్ల పేర్లు ఎక్కడా ఉండవు.

ఇంకొకటి, ఇటువంటి చోట ప్రతి నాలుగేళ్లకూ దాదాపు అందరూ మారిపోతారు. గురువులకు ముఖం గుర్తుంటుంది, పేరు గుర్తుండదు.

న్యూజెర్సీ_తెలుగు

నా అభిప్రాయం వేరు. ఈ విద్యార్థి విచారణలు పద్దెనిమిది నుంచి ఇరవై రెండేళ్ల అమెరికా పిల్లల కోసం కట్టినవి. వాళ్ల పాటలు, వాళ్ల ఆటలు, వాళ్ల విహార ధ్యానాలు (రిట్రీట్లు). ఇరవై అయిదేళ్ల వయసులో, అప్పు చేసి, వారానికి ఇరవై గంటలు క్యాంపస్‌లో పనిచేసుకుంటూ చదివే మన పిల్లకు అక్కడ ఏముంది? తెలుగు గురువులు నెలకొకసారి పూజ జరిపే చోట్లు పెద్ద నగరాల చుట్టూ ఉన్నాయి. అక్కడికి వెళ్తే పది కుటుంబాలు పేరు పెట్టి పిలుస్తాయి, లేఖ కూడా ఎవరో ఒకరు ఇప్పిస్తారు.

శ్రీసభ_ధర్మశాస్త్రం

ముందుగా ఫిరంగిపురం_తండ్రి గారి ప్రశ్నకు జవాబు. పేరు నమోదు కాకపోయినా మీ అమ్మాయికి అక్కడ విచారణ, విచారణ గురువు ఉన్నట్టే. 1983 నాటి శ్రీసభ (కథోలిక సంఘం) ధర్మశాస్త్రంలో 102వ సూత్రం ప్రకారం, ఒక విచారణ హద్దులో కనీసం మూడు నెలలు ఉండాలనే ఉద్దేశంతో నివసించినా, లేదా వాస్తవంగా మూడు నెలలు నివసించినా, అక్కడ తాత్కాలిక నివాసం ఏర్పడుతుంది. శాశ్వత నివాసం వల్లనైనా తాత్కాలిక నివాసం వల్లనైనా మనిషికి సొంత విచారణ గురువు లభిస్తారని 107వ సూత్రం చెబుతుంది. ఈ రెండింటిలోనూ నమోదు పుస్తకం ప్రస్తావన లేదు. అది అమెరికాలో పరిపాలన సౌకర్యం కోసం స్థిరపడిన ఆచారం.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. విద్యార్థుల విచారణలన్నీ ఒకే రకానివి కావు. 518వ సూత్రం ప్రకారం విచారణ సాధారణంగా ఒక ప్రాంతానికి సంబంధించినది, కానీ అవసరాన్ని బట్టి భాష, జాతి, ఆచార రీతి వంటి కారణాలతో ఒక వర్గం ప్రజల కోసం కూడా ఏర్పాటు చేయవచ్చు. 813వ సూత్రం మరింత స్పష్టంగా, మేత్రాణులు (బిషప్పులు) విద్యార్థుల ఆధ్యాత్మిక సంరక్షణ పట్ల శ్రద్ధ వహించాలనీ, ఇందుకోసం విచారణను స్థాపించడం గానీ, కనీసం స్థిరంగా గురువులను నియమించడం గానీ చేయాలనీ చెబుతుంది. అంటే కొన్ని చోట్ల అది పూర్తి స్థాయి విచారణ, కొన్ని చోట్ల గురువు ఉన్న కేంద్రం మాత్రమే. కేంద్రమైతే మీ అమ్మాయి నివసించే వీధి ఏ ప్రాంతీయ విచారణ కిందకు వస్తుందో ఆ గురువు కూడా ఆమె గురువే. మొదట ఈ సంగతి కనుక్కోండి.

లేఖ విషయంలో మాత్రం ఆ కార్యాలయాన్ని పూర్తిగా తప్పు పట్టలేను. అడ్డంకులు లేవని రాసి సంతకం చేయడం సాక్ష్యం చెప్పడమే. తెలియని మనిషి గురించి ఏ గురువూ సాక్ష్యం చెప్పకూడదు. తెలుసుకోవడానికి పూనుకోకుండా రెండు ముక్కల్లో ముగించడమే నాకు నచ్చలేదు.

ఫిరంగిపురం_తండ్రి

వివరణకు కృతజ్ఞతలు. అది విచారణో కేంద్రమో అమ్మాయికి కూడా తెలియదు. ఈ రాత్రి అడిగి చెబుతాను. పెళ్లికి పది వారాలే ఉంది.

బాలయేసు_భక్తురాలు

మా మరిదికి సరిగ్గా ఇదే జరిగింది. చివరికి మా ఊరి జ్ఞానస్నాన పుస్తకమే కాపాడింది. శ్రీసభ_ధర్మశాస్త్రం గారు ఆ సంగతి కూడా రాస్తే బాగుంటుంది.

శ్రీసభ_ధర్మశాస్త్రం

అవును, అసలు ఆధారం అమెరికాలో లేదు, ఫిరంగిపురంలోనే ఉంది. జ్ఞానస్నాన పుస్తకం తెరిచి చూడండి. బిడ్డ పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రులు, జ్ఞానతల్లిదండ్రులు, గురువు సంతకం ఉన్న గడుల తరువాత చివర్లో ఖాళీగా వదిలిన గడి ఒకటి ఉంటుంది. ఆ మనిషి ప్రపంచంలో ఎక్కడ భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) పొందినా, పెళ్లి చేసుకున్నా, గురుపట్టం పొంది ఫాదర్ అయినా, ఆ వార్త తిరిగి వచ్చి ఆ గడిలో చేరాలి. 535వ సూత్రం, 1122వ సూత్రం దీన్ని తప్పనిసరి చేశాయి. అందుకే పెళ్లికి ముందు పాత ధృవపత్రం పనికిరాదు, ఆరు నెలల లోపు కొత్తగా రాయించినది కావాలని అడుగుతారు. ఆ గడి ఖాళీగా ఉంటే శ్రీసభలో ఆమెకు ఇంతకుముందు వివాహం జరగలేదనడానికి అది బలమైన సాక్ష్యం.

ఆ రెండేళ్ల కాలానికి అదనంగా, ఆమెను బాగా ఎరిగిన ఇద్దరు గురువు ఎదుట ప్రమాణం చేసి సాక్ష్యం ఇవ్వవచ్చు. తల్లిదండ్రులే సాక్షులుగా రావడం చాలా చోట్ల మామూలే. మీ మేత్రాసనంలో (బిషప్ పరిధిలో) ఏ నమూనా పత్రం వాడతారో మీ గురువులకు తెలుస్తుంది.

ప్రవాస_గురువు

నేను ఆంధ్ర నుంచి వచ్చి అమెరికాలో ఒక గ్రామీణ మేత్రాసనంలో సేవ చేస్తున్న గురువును. మా విచారణకు అరగంట దూరంలో ఒక చిన్న విశ్వవిద్యాలయం ఉంది, అక్కడి విద్యార్థులకు కూడా పూజ నేనే జరుపుతాను. పై రెండు సమాధానాలూ సరైనవే. వాటికి ఆచరణలో ఉపయోగపడే సంగతులు కొన్ని చేరుస్తాను.

ఈమెయిలుకు జవాబు రాసింది గురువు కాదు, చాలావరకు కార్యాలయంలో పనిచేసే ఉద్యోగి అయి ఉంటారు. ఆ ఉద్యోగి తన ముందున్న కంప్యూటరులో పేరు వెతికారు, దొరకలేదు, ఉన్న మాట రాశారు. అమ్మాయి ఆదివారం పూజ అయ్యాక ద్వారం దగ్గర నిలబడే గురువును కలిసి, "నాకు మే నెలలో ఇండియాలో వివాహం, మీతో అరగంట మాట్లాడాలి" అని అడగాలి. కాదనే గురువును నేను ఇంతవరకు చూడలేదు. ఆ అరగంటలో ఆయన కొన్ని ప్రశ్నలు అడిగి రాసుకుంటారు. ఇంతకుముందు వివాహం జరిగిందా, ఎవరైనా బలవంతం చేస్తున్నారా, పిల్లలను కనడానికీ జీవితాంతం కలిసి ఉండడానికీ సమ్మతమేనా అనే ప్రశ్నలు అవి. అమ్మాయిని ఒంటరిగా కూర్చోబెట్టి అడుగుతారు. తల్లిదండ్రులు దీనికి నొచ్చుకోవద్దు.

మరో ముఖ్య విషయం. ఒక దేశంలో తయారైన వివాహ పత్రాలు మరో దేశానికి పోయేటప్పుడు, సాధారణంగా ఇక్కడి మేత్రాసన కార్యాలయం ముద్ర వేయించుకుని అక్కడి మేత్రాసన కార్యాలయం ద్వారా విచారణకు చేరాలి. నేరుగా మీ చేతికి ఇస్తే మీ గురువులు మళ్లీ వెనక్కి పంపవచ్చు. పది వారాలు సరిపోతాయి, కానీ ఈ వారమే మొదలుపెట్టండి.

న్యూజెర్సీ_తెలుగు గారికి ఒక మాట. నెలకొక తెలుగు పూజ ఎంతో మంచిది, నేనూ అవకాశం ఉన్నప్పుడు వెళ్లి జరుపుతాను. కానీ అది మిగిలిన మూడు ఆదివారాల సంగతి చూడదు. రాత్రి పదకొండింటికి ఆసుపత్రి నుంచి ఫోను వస్తే, రోగులకు పూసే అభ్యంగన తైలంతో పరుగెత్తుకు రాగలిగేది పక్క వీధిలో ఉన్న గురువే.

న్యూజెర్సీ_తెలుగు

ఫాదర్ గారు, చివరి మాటతో ఏకీభవిస్తాను. అయినా నా ప్రశ్న అలాగే ఉంది. పక్క వీధిలో ఉన్న ఆ గురువుకు మన పిల్ల ఉన్నట్టే తెలియకపోతే ఆసుపత్రి నుంచి ఆయనకు ఫోను ఎవరు చేస్తారు?

ఆన్_ఆర్బర్_పూర్వవిద్యార్థి

నేను మిషిగన్ విశ్వవిద్యాలయంలో చదివాను. అక్కడ సెయింట్ మేరీ స్టూడెంట్ పారిష్ ఉంది. లాన్సింగ్ మేత్రాసనానికి చెందినది, యేసుసభ (జెస్యూట్) గురువులు నడుపుతారు. పేరులోనే విద్యార్థుల విచారణ అని ఉన్నా, ఆదివారం నా ముందు వరుసలో పసిపిల్లలతో కుటుంబాలు, వెనుక వరుసలో పదవీ విరమణ చేసిన ఆచార్యులు కూర్చునేవారు. ఆ కలయికే నన్ను నిలబెట్టింది. తరగతిలో ఎటు చూసినా నా వయసువాళ్లే, ఇంట్లో ముగ్గురు రూమ్మేట్లూ నా వయసువాళ్లే. వారానికి ఒక గంట ఒక ముసలామె పక్కన కూర్చుని ఆమె చేయి పట్టుకుని పరలోక జపం చెప్పడంలో ఎంత ఊరట ఉందో అక్కడ ఉన్నవారికే తెలుస్తుంది.

న్యూజెర్సీ_తెలుగు గారు చెప్పిన ఇబ్బంది మాత్రం నిజం. క్యాంపస్ సేవలో ఎక్కువ భాగం డిగ్రీ పిల్లల చుట్టూ తిరుగుతుంది. 1998లో మొదలైన ఫోకస్ అనే సంస్థ, అప్పుడే పట్టా పుచ్చుకున్న యువతీయువకులను క్యాంపస్‌లకు పంపుతుంది. వాళ్లు తమ జీతానికి కావలసిన విరాళాలు తామే సేకరించుకుంటారు, హాస్టళ్లలో బైబిలు అధ్యయన బృందాలు నడుపుతారు. చాలా మంచి పని. కానీ వాళ్లు వెతికేది పద్దెనిమిదేళ్ల పిల్లలను. క్యాంపస్‌కు రెండు మైళ్ల దూరంలో అపార్ట్‌మెంటు పంచుకుని, బస్సులో వచ్చి, పూజ అయ్యాక మళ్లీ ల్యాబుకు వెళ్లే మనలాంటివాళ్లు ఆ వెతుకులాటలో కనబడరు. పీజీ విద్యార్థులకు వేరే బృందం ఉన్న చోట పరిస్థితి పూర్తిగా వేరుగా ఉంటుంది. అటువంటి బృందంలో చేరాక నన్ను గురువు పేరుతో పిలవడం మొదలుపెట్టారు. నా స్నేహితుడొకడు ఇండియాలో భద్రమైన అభ్యంగనం పొందకుండా వచ్చాడు, పెద్దల తరగతులకు వెళ్లి ఈస్టరు జాగరణ పూజలో పొందాడు. ఆ వార్త మొదట చేరింది అతని జ్ఞానస్నానం జరిగిన గుంటూరు జిల్లా పల్లెకే.

చరిత్ర_మాస్టారు

ఫిరంగిపురం_తండ్రి గారు "ఇది అసలు విచారణ ఎలా అవుతుంది" అన్నారు కాబట్టి, ఇవి ఎలా పుట్టాయో చెబితే ఉపయోగం ఉంటుందని రాస్తున్నాను. ఇవి పైనుంచి దిగి వచ్చినవి కావు. పందొమ్మిదో శతాబ్దంలో మేత్రాణులు కథోలిక పిల్లలను లౌకిక విశ్వవిద్యాలయాలకు పంపడానికే ఇష్టపడలేదు. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జిలకు కథోలికులు వెళ్లకూడదన్న ఆంక్ష 1895 వరకు ఉంది. 1845లో కథోలిక శ్రీసభలో చేరిన జాన్ హెన్రీ న్యూమన్, ఆక్స్‌ఫర్డులో మళ్లీ ఒక కథోలిక కేంద్రం పెట్టాలని ఎంతో ప్రయత్నించి అనుమతి దొరక్క విరమించుకున్నారు. 1854లో డబ్లిన్‌లో మొదలైన కథోలిక విశ్వవిద్యాలయానికి ఆయనే మొదటి అధ్యక్షులు. అక్కడ ఆయన పట్టుబట్టి కట్టించిన వాటిలో ఒకటి విశ్వవిద్యాలయ దేవాలయం, అది నేటికీ ఉంది.

అమెరికాలో దీన్ని మొదలుపెట్టింది విద్యార్థులే. విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో 1883లో మెల్విన్ అనే కుటుంబం ఇంట్లో కథోలిక విద్యార్థులు కూడుకుని ఒక సంఘం పెట్టుకున్నారు. వారిలో ఒకరైన తిమోతి హారింగ్టన్ తరువాత వైద్యవిద్యకు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి వెళ్లి, 1893లో అక్కడ న్యూమన్ పేరుతో క్లబ్బు స్థాపించారు. నేడు ఎన్నో క్యాంపస్‌లలో కనిపించే న్యూమన్ కేంద్రాలకు అదే మూలం. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఫాదర్ జాన్ ఓబ్రయన్ 1920లలో దేవాలయంతో పాటు విద్యార్థుల వసతిగృహం కూడా కట్టించారు. పిల్లలు లౌకిక విద్యాలయాలకు వెళ్లేలా ప్రోత్సహిస్తున్నారని కథోలిక కళాశాలల వారు ఆయనను తీవ్రంగా విమర్శించారు. ఆ వసతిగృహంలో ఇప్పటికీ విద్యార్థులు ఉంటున్నారు.

న్యూమన్‌ను 2019 అక్టోబరు 13న పునీతునిగా (సెయింటుగా) ప్రకటించారు. 2025 నవంబరు 1న శ్రీసభ పండితునిగా, పునీత తోమా అక్వీనాతో పాటు కథోలిక విద్యకు సహ పాలక పునీతునిగా కూడా ప్రకటించారు. ఈ చరిత్రంతా చెప్పడానికి కారణం ఒక్కటే. ఒక ఇంట్లో కూడుకున్న నలుగురు పిల్లలు మొదలుపెట్టిన పని ఇది. మన పిల్లలు నలుగురు కూడుకుంటే వాళ్లకంటూ ఒక బృందం ఏర్పడకుండా ఆపేవారు లేరు.

బాలయేసు_భక్తురాలు

మాస్టారు గారి పాఠం చదివాక ఆ మెల్విన్ ఇంటి గృహిణిని తలచుకుంటున్నాను. విద్యార్థులకు ఆకలి ఎక్కువ, ఆమె ఎంతమందికి వండి పెట్టిందో కదా.

కొలంబస్_నివాసి

చరిత్ర బాగుంది, కానీ వర్తమానంలో ఒక పెద్ద ప్రశ్న ఉంది. ఇటువంటి విచారణ ఎవరిది? మా ఊళ్లో ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయం పక్కన సెయింట్ థామస్ మోర్ న్యూమన్ కేంద్రం ఉంది. దశాబ్దాల పాటు పౌలిస్టు అనే గురువుల సభ వారు నడిపారు. వాళ్ల హయాంలో విద్యార్థులతో పాటు ఎందరో పట్టణవాసులు దాన్ని తమ సొంత విచారణగా చేసుకున్నారు. 2022లో బిషప్ ఎర్ల్ ఫెర్నాండెస్ వచ్చిన కొద్ది వారాలకే పౌలిస్టుల సేవను ముగించి, మేత్రాసన గురువులకు అప్పగించారు. ఆయన తల్లిదండ్రులు ఇండియా నుంచి వచ్చినవారే. క్యాంపస్ సేవ మేత్రాసనపు సువార్తా ప్రణాళికతోనూ గురుపట్టపు పిలుపులతోనూ ముడిపడి ఉండాలని ఆయన ఉద్దేశం. పాతవాళ్లు చాలా బాధపడ్డారు, కొందరు వేరే దేవాలయాలకు వెళ్లిపోయారు.

నేను రెండు వైపులా మనుషులను ఎరుగుదును. పట్టణవాసులు కానుకలు ఇచ్చి, గాయక బృందాలు నిలిపి, వేసవిలో విద్యార్థులు లేనప్పుడు కూడా దీపం ఆరకుండా చూశారు. మరోవైపు, వేల మంది విద్యార్థులు ఉన్న చోట పీఠం దగ్గర సేవ చేసేవారూ పఠనాలు చదివేవారూ అందరూ అరవై దాటినవారే అయితే పిల్లలు లోపలికి రావడానికి వెనుకాడతారు. నా అభిప్రాయంలో విద్యార్థి మొదటి వరుసలో ఉండాలి, పెద్దలు ఆ వరుసను నిలబెట్టాలి.

క్యాంపస్_స్వరం

కొలంబస్_నివాసి గారి చివరి వాక్యం నాకు నచ్చింది, అయితే వేసవి గురించి మరికొంచెం చెప్పాలి. అమెరికా పిల్లలు మే నెలలో ఇళ్లకు వెళ్లిపోతారు, పూజల సంఖ్య తగ్గిస్తారు. అప్పుడు మిగిలేది ఎవరు? టికెట్టు ఖర్చు భరించలేక ఇక్కడే ఉండిపోయే విదేశీ విద్యార్థులం. జూలైలో పఠనాలు చదవమని మొదటిసారి నన్ను అడిగారు, ఎందుకంటే అడగడానికి ఇంకెవరూ లేరు. ఆ తరువాత ఆగస్టులో కూడా నా పేరు జాబితాలో ఉంచారు. కొత్తగా వచ్చినవారికి నా సలహా, చొరవ చేయాలంటే వేసవిలో చేయండి.

విశాఖ_పూర్వవిద్యార్థి

అందరూ అమెరికా గురించే మాట్లాడుతున్నారు. 813వ సూత్రం మన దేశానికి కూడా వర్తిస్తుంది కదా. నేను ఆంధ్ర విశ్వవిద్యాలయం హాస్టల్లో ఉండి చదివాను. 1926లో మొదలైన విశ్వవిద్యాలయం అది. విశాఖ అగ్రపీఠంలో (ఆర్చ్‌బిషప్ పరిధిలో) దేవాలయాలకు లోటు లేదు, ఆదివారం పూజకు ఆటోలో వెళ్లేవాళ్లం. కానీ క్యాంపస్‌కు వచ్చి, "మీలో కథోలికులు ఎవరు, ఏ గదిలో ఉంటున్నారు" అని అడిగిన గురువును నేనున్న కాలంలో చూడలేదు. కథోలిక కళాశాలల్లో చదివినవారి అనుభవం వేరు. విజయవాడ ఆంధ్ర లొయోలా కళాశాలలోనూ, విశాఖ సెయింట్ జోసెఫ్ మహిళా కళాశాలలోనూ గురువులో సిస్టర్లో ప్రాంగణంలోనే ఉంటారు. 1924లో ప్రారంభమైన అఖిల భారత కథోలిక విశ్వవిద్యాలయ సమాఖ్య కూడా, ఐకఫ్ అని పిలుస్తారు, నాకు తెలిసినంతలో ఇటువంటి కళాశాలల్లోనే బలంగా ఉంది. కానీ మన పిల్లల్లో చాలామంది చదివేది ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో, ప్రైవేటు ఇంజినీరింగు కళాశాలల్లో. అక్కడ వాళ్లకు ఎవరున్నారు?

ఐకఫ్‌లో నాకు నచ్చిన విషయం ఒకటుంది. అది జపానికే పరిమితం కాలేదు. దళితుల గురించి, రైతుల గురించి, పేదల చదువు గురించి విద్యార్థులను ఆలోచింపజేసింది. మన తెలుగు కథోలికుల్లో అత్యధికులు దళిత కుటుంబాల నుంచి వచ్చినవారే. విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టిన మొదటి తరం పిల్లవాడికి పూజ ఎంత అవసరమో, తనను అవమానించిన రోజున తన పక్షాన నిలబడే పెద్దమనిషి ఒకరు ఉండడం కూడా అంతే అవసరం. విద్యార్థుల విచారణ అంటే నా దృష్టిలో అదీ.

విజయవాడ_అమ్మ

విశ్వవిద్యాలయం దాకా ఎందుకు? మా అబ్బాయి ఇంటర్ చదివిన రెసిడెన్షియల్ కళాశాలలో ఆదివారం ఉదయమే పరీక్ష. పూజకు పంపమని అడిగితే, ఒకరికి ఇస్తే అందరికీ ఇవ్వాలన్నారు. క్రిస్మస్‌కు కూడా ఒక్క పూట సెలవు. రెండేళ్లు అలా గడిచాక ఇంజినీరింగులో చేరి, సమయం ఉన్నా పూజకు వెళ్లే అలవాటు పోయింది. పదహారేళ్ల వయసులో తెగిన దారాన్ని ఇరవై రెండేళ్లకు అమెరికాలో కలపడం ఎంత కష్టమో ఆలోచించండి. కళాశాల యాజమాన్యంతో తల్లిదండ్రులుగా మేము విడివిడిగా మాట్లాడితే వినలేదు. విచారణ గురువులు అందరి తరఫునా వెళ్లి, శనివారం సాయంత్రం హాస్టల్లోనే పూజ జరుపుతామని అడిగి ఉంటే వినేవారేమో.

శ్రీసభ_ధర్మశాస్త్రం

విజయవాడ_అమ్మ గారి ఆలోచన ధర్మశాస్త్రం ప్రకారం కూడా సరైనదే. ఆదివారం బాధ్యత ముందు రోజు సాయంత్రం పూజతో కూడా తీరుతుందని 1248వ సూత్రం చెబుతుంది. పూజ జరపడానికి స్థలం, గురువు, యాజమాన్యం అనుమతి ఉంటే చాలు. విశాఖ_పూర్వవిద్యార్థి గారు అన్నట్టు 813వ సూత్రం ఏ ఒక్క దేశానికో పరిమితం కాదు. కథోలికేతర విశ్వవిద్యాలయాలను కూడా అది ప్రత్యేకంగా పేర్కొంటుంది. గురువుల కొరత ఉందన్న మాట వినిపిస్తుంది. తెలుగు గురువులు అమెరికాలో, ఐరోపాలో సేవ చేయడం నేను తప్పు పట్టను, కానీ అగ్రపీఠానికి ఒక్కరినైనా పూర్తిగా విద్యార్థుల కోసం కేటాయించమని విశ్వాసులు మేత్రాణులకు వినయంగా విన్నపం పెట్టవచ్చు. తమ అవసరాలను కాపరులకు తెలియజేసే హక్కు 212వ సూత్రం ఇచ్చింది.

ప్రవాస_గురువు

ఒప్పుకుంటాను. నాకు అటువంటి నియామకం ఇస్తే సంతోషంగా తిరిగి వస్తాను. ఇది మాట వరసకు అంటున్నది కాదు.

ఫిరంగిపురం_తండ్రి

అందరి సలహాల తరువాత జరిగినది చెబుతాను. అమ్మాయి ఆదివారం పూజ అయ్యాక గురువును కలిసింది. అది పూర్తి స్థాయి విచారణేనట. ఆయన ఆమెను చూడగానే, "ఎడమవైపు మూడో స్తంభం పక్కన కూర్చుంటావు కదా" అన్నారట. ముఖం తెలుసు, పేరు తెలియదు. క్యాంపస్_స్వరం ముందే చెప్పినది అదే. బుధవారం గంటసేపు మాట్లాడి, పత్రం నింపి, తమ మేత్రాసన కార్యాలయానికి పంపారు. సాక్ష్యానికి ఆమె రూమ్మేటును పిలిచారు. ఆ అమ్మాయి హిందువు, అయినా మా అమ్మాయిని ఎరిగిన మనిషిగా ఆమె మాటకు విలువ ఇచ్చారు. ఇక్కడ మా గురువులు జ్ఞానస్నాన పుస్తకం నుంచి కొత్త పత్రం రాసి పెట్టారు.

అయినా నా మాట మార్చుకోవడం లేదు. మూడో స్తంభం దాకా గమనించిన గురువు మరో నాలుగు అడుగులు వేసి పేరు అడిగి ఉండవలసింది. రెండేళ్లు ఒక బిడ్డ ఒకే చోట కూర్చుంటే అడగడానికి పుస్తకంతో పనేముంది? పిల్లలు సిగ్గుపడతారు, పరాయి దేశంలో మరింత సిగ్గుపడతారు. అడగవలసింది పెద్దవాళ్లే.

ప్రవాస_గురువు

మీ మాటను శిరసావహిస్తున్నాను. ఈ ఆదివారం నుంచి మా క్యాంపస్ పూజలో బల్ల దగ్గర కాకుండా వరుసల మధ్యకు వెళ్లి పలకరిస్తాను. పెళ్లి పనుల్లో మరచిపోకండి, వరుడి జ్ఞానస్నాన పత్రం కూడా కొత్తదే కావాలి, హైదరాబాదులోని ఆయన విచారణలో కూడా పెళ్లి ప్రకటనలు చదివించాలి. పెళ్లి జరిగాక ఆ వార్త ఇద్దరి జ్ఞానస్నాన పుస్తకాలకూ చేరిందో లేదో మీరే ఒకసారి కనుక్కోండి.

విజయవాడ_అమ్మ

మా ప్రాంతంలో హాస్టళ్లలో శనివారం పూజ కోసం విన్నపం రాయడానికి నేను సిద్ధం. విశాఖ_పూర్వవిద్యార్థి గారు, శ్రీసభ_ధర్మశాస్త్రం గారు ముసాయిదా చూసి సరిదిద్దగలరా? విజయవాడ, గుంటూరు వైపు పిల్లలను హాస్టల్లో ఉంచినవారు ఉంటే ఇక్కడే చెప్పండి.

విశాఖ_పూర్వవిద్యార్థి

తప్పకుండా. ప్రైవేటు ఇంజినీరింగు కళాశాలలను కూడా అందులో చేర్చుదాం.

క్యాంపస్_స్వరం

ఈ ఆగస్టులో అమెరికా వస్తున్న విద్యార్థులు గానీ వారి తల్లిదండ్రులు గానీ ఈ చర్చ చదువుతుంటే, విశ్వవిద్యాలయం పేరు, ఊరు పేరు మాత్రం ఇక్కడ రాయండి. ఆ క్యాంపస్ పక్కన విచారణ ఉందో, కేంద్రం ఉందో, పీజీ విద్యార్థులకు వేరే బృందం ఉందో కనుక్కుని చెబుతాను. వ్యక్తిగత వివరాలు రాయవద్దు.